సెకనులో నూట పాతికో వంతు

కెమెరాల షాపాయన ఇరవై రెండేళ్లుగా ఒకే మాట మీద బేరాలు కుదుర్చుకున్నాడు: "షటర్ ఎంత వేగమైతే ఫొటో అంత గట్టిది." ఆ ధైర్యంతోనే, బైకు పందెంలో మేనకోడలి ఫొటో తానే తీస్తానని ఒప్పుకున్నాడు.

టీము ఫొటోగ్రాఫరు జ్వరంతో మంచం పట్టాడు. సీజనంతా టీము లారీ మీద ఉండబోయే బొమ్మకి సాయంత్రంలోగా మంచి ఫొటో కావాలి. ఆమెది కుదరకపోతే రెండో రైడరుది వేసేస్తారు. అతనిది నిరుటి ఫొటో సిద్ధంగానే ఉంది.

"మామయ్యా, ఒక్కసారైనా ఆ లారీ మీద నేనుండాలి," అంది పిల్ల హెల్మెట్ తొడుక్కుంటూ.

"నేనమ్మేది కెమెరాలే తల్లీ, ఉల్లిపాయలు కాదు. నువ్వెళ్లి బండి నడుపు."

మలుపు దగ్గర కంచె వెనక నిలబడి లెక్క కట్టుకున్నాడు. పన్నెండు ల్యాపులు, అంటే పన్నెండు చుట్లు, పన్నెండు అవకాశాలు. షటర్‌ని సెకనులో రెండు వేలో వంతుకి పెట్టి, మొదటి నాలుగు ల్యాపులూ వరసగా తీశాడు. అద్దంలా వచ్చాయి. టైరు మీది అక్షరాలు కూడా చదవొచ్చు. మురిసిపోయాడు.

పక్కన మడత స్టూలు మీద ఒక పెద్దావిడ. ముప్పై ఏళ్లుగా పందేల ఫొటోలు తీస్తున్న మనిషి. మెడ చాచి అతని కెమెరా తెర చూసింది.

"బాగుంది నాయనా. బండి అమ్మకానికి పెట్టారా?"

"అదేంటమ్మా?"

"స్టాండు వేసి నిలబెట్టినట్టుంటేనూ! చక్రం చూడు, తిరుగుతోందా?"

చూశాడు. లేదు. చక్రంలో కమ్మీలు ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు. నాలుగు అవకాశాలు గాలికి పోయాయి.

"షటర్‌ని నూట పాతిక్కి దించు. వెలుతురు తగ్గేలా ఐఎస్ఓ వంద, అపర్చర్ పదహారు పెట్టు. లేకపోతే ఈ ఎండకి ఫొటో తెల్లబోతుంది."

వ్యాపారం చేసిన బుర్ర ఊరుకోలేదు. "మలుపులో కూడా బండి గంటకి తొంభై కిలోమీటర్లమ్మా. సెకనుకి పాతిక మీటర్లు. అందులో నూట పాతికో వంతంటే జానెడు. జానెడు జరిగిపోయేది ఫొటోలో కుదురుగా ఎలా పడుతుంది?"

"అది జానెడు జరిగితే నువ్వూ జానెడు జరుగు! కాళ్లు కదపకు, నడుము తిప్పు. బండి రాకముందే మొదలుపెట్టు, నొక్కాక కూడా ఆపకు."

ఐదు, ఆరు, ఏడు ల్యాపులు పులిమేసినట్టు వచ్చాయి. ఎనిమిదిలో చేతులు తిప్పి నడుము మరిచాడు. తొమ్మిదిలో నొక్కగానే, బేరం తెగిన కొట్టువాడిలా ఆగిపోయాడు.

"ఆపొద్దన్నానా! నీ బండికి బ్రేకులు మరీ బాగున్నాయి," అంది పెద్దావిడ.

పదిలో పిల్ల తల ఫొటోలోంచి తెగిపోయింది. ఇక మిగిలినవి రెండు.

పదకొండో ల్యాపులో, దూరంగా చుక్కలా ఉన్నప్పుడే బండిని కెమెరాలో పట్టుకున్నాడు. రొద ఒంట్లోకి దూరి లెక్కలన్నీ చెరిపేసింది. నడుము తిరిగింది, వేలు దానంతటదే నొక్కింది. బండి దాటిపోయినా తిరుగుతూనే ఉన్నాడు, మోచెయ్యి కంచెకి కొట్టుకునేదాకా.

తెర చూశాడు.

కంచెలు, టైర్ల గుట్టలు, జనం, వెనకున్న కొండ, అన్నీ కరిగి గీతలైపోయాయి. చక్రాలు తిరుగుతున్నాయి. అంత ప్రళయం మధ్యలో పిల్ల ఒక్కతే స్థిరంగా ఉంది. మోకాలు నేలని రాస్తోంది. బ్రేకు మీద రెండు వేళ్లు, పసిపాప చెంప మీద ఆనించినంత తేలిగ్గా. హెల్మెట్ అద్దం వెనక కళ్లు దారి మీద లేవు, ఇంకా రాని మలుపు చివర మీద ఉన్నాయి.

కూర్చుని యాక్సిలరేటర్ తిప్పడమేగా అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఆ కాస్త జానెడులో ఇంత పనుందా!

పెద్దావిడ స్టూలు మీంచి లేచి వచ్చి చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

పందెంలో పిల్లకి నాలుగో స్థానం వచ్చింది. ఫొటో చూసిన టీము మేనేజరు, "లారీ తలుపు నుంచి చివరిదాకా ఇదే వెయ్యండి," అని ఫోనులో చెబుతూ వెళ్లాడు.

పిల్ల మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు.

"మామయ్యా, అక్కడ నేను చేసేది ఇదా?"

"నన్నడుగుతావేమే? నేనూ ఇవాళే చూశాను."