ఒక్క కార్బన్ తేడా

సిరిసిల్లలో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఊర్మిల మేడం కోరుట్ల మనిషి. ఆమె బోర్డు మీద ఏ ఆసిడ్ స్ట్రక్చర్ గీస్తే క్లాసులో ఆ వాసనే వచ్చేది. రెండు కార్బన్ల ఎసిటిక్ ఆసిడ్ గీస్తే పులిసిపోయిన కల్లు వాసన. కల్లు గీసే ఇళ్ల పిల్లలు ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్లు. నాలుగు కార్బన్ల బ్యూటిరిక్ ఆసిడ్ రోజున చెడిన వెన్న కంపు వరండా దాటి పోయేది. పక్క క్లాసులో తెలుగు చెప్పే దేవయ్య సార్ లేచి కిటికీ మూసి, మళ్లీ పద్యం అందుకునేవాడు. అన్నం గంటకు ముందు మాత్రం ఆ పాఠం పెట్టుకోవద్దని ప్రిన్సిపాల్ కోరాడు. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు.

ఒక రోజు కొత్త బ్యాచికి కార్బాక్సిలిక్ ఆసిడ్లు మొదలయ్యాయి. ఒక కార్బన్, దానికి రెండు గీతలతో ఆక్సిజన్, ఇంకో పక్క ఓహెచ్, మిగిలిన పక్క హైడ్రోజన్. ఫార్మిక్ ఆసిడ్. చీమ కుడితే మండేది దీనివల్లేనని చెబుతుండగానే క్లాసంతా ఘాటెక్కింది. రెండో బెంచీలో భాగ్య లేచి నిలబడింది. తన బాపు అంగీకి రోజూ వచ్చే వాసన ఇదేనంది.

భాగ్య తండ్రి ఐలయ్య డైయింగ్ షెడ్డులో పని చేస్తాడు. రంగు వేసిన నూలులో సోడా మిగలకుండా ఆసిడ్ నీళ్లలో ముంచి తీయడం అతని పని. డబ్బాల్లో ఉన్నది సిర్కా అని, వంటల్లో వాడే వెనిగరేనని, దాంతో ఎవరికీ ఏమీ కాదని షెడ్డు సేటు చెప్పాడు. ఐలయ్య నమ్మాడు.

ఊర్మిల బోర్డు తుడిచి ఎసిటిక్ ఆసిడ్ గీసింది. సిర్కాలో ఉండేది అదే.

"గిదా?"

"కాదు మేడం. ముందటిదే."

బాపు చేతులు, కళ్లు ఎట్లున్నయని ఊర్మిల అడిగింది. వేళ్ల సందుల్లో తోలు ఊడుతోందని, ఎడమ కన్ను మసకైందని, దుమ్ము పడ్డదనుకుని చుక్కలు వేసుకుంటున్నాడని భాగ్య చెప్పింది. ఊర్మిలకు ఒళ్లు మండిపోయింది. పాఠం ఆపలేదు గానీ, చేతిలో సుద్దముక్కలు విరుగుతూనే ఉన్నాయి.

కాలేజీ కాగానే ఇద్దరూ షెడ్డుకు పోయారు. డబ్బాల మీది పేర్ల కాగితాలన్నీ గీకేసి ఉన్నాయి. ఐలయ్య చేతులు మోచేతుల దాకా తొట్టిలో ఉన్నాయి. కూతురిని చూడగానే చేతులు వెనక దాచుకున్నాడు.

"ఎందుకచ్చినవ్ బిడ్డా? పని పోతది" అన్నాడు మెల్లగా.

సేటు శ్రీశైలం ఏసీ గదిలో, కొండగట్టు అంజన్న పటం కింద కూర్చుని ఉన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు, చాయ్ తెప్పిస్తానన్నాడు. డబ్బాల సంగతి అడిగితే, ఇదీ ఆసిడే, అదీ ఆసిడే అన్నాడు. ఇది అగ్గువకు దొరుకుతుందని, కొంచెం పోస్తే చాలని, నూలుకు తేడా తెలవదని చెప్పాడు.

"ఒక్క కార్బన్ తేడా" అంది ఊర్మిల. "గా ఒక్కటి తక్కువైతే ఆసిడ్ పది రెట్లు గట్టిగైతది. నూలుకు తెల్వకపోవచ్చు, కన్నుకు తెలుస్తది."

"గాయన కన్ను ముందుగాల్నించే అంతంత మాత్రం మేడం."

ఊర్మిల సంచిలోంచి సుద్దముక్క తీసి, శ్రీశైలం కుర్చీ వెనక గోడ మీద ఫార్మిక్ ఆసిడ్ గీసి వచ్చేసింది.

ఆమె గీసినదాన్ని ఇంకొకరు తుడిస్తే పోదు. శ్రీశైలం తడిగుడ్డతో తుడిపించాడు, సున్నం వేయించాడు. గీతలు సున్నం మీదికి తేలాయి. ఏసీ గదిలో కళ్లు మండి కూర్చోలేకపోయాడు. కాలేజీకి పోయి కేకలేస్తే ప్రిన్సిపాల్ అంతా విని, ఆ గోడ కాలేజీది కాదన్నాడు. కుర్చీ షెడ్డులో వేయించుకుంటే తొట్ల దగ్గరా అదే ఘాటు.

"గీడ మనిషన్నోడు ఎట్ల కూసుంటడు?" అన్నాడు పనివాళ్ల ముందే.

ఐలయ్య తలెత్తి అతన్నే చూస్తూ నిలబడ్డాడు. చూపు తిప్పుకున్నది శ్రీశైలమే.

వారం తిరగకముందే డబ్బాలు మారాయి. గ్లౌజులు, కళ్లద్దాలు, గోడకు పెద్ద ఫ్యాను వచ్చాయి. ఊర్మిల వచ్చి మూతలు తీయించి చూసింది. తర్వాత గదిలోకి పోయి, ఓహెచ్‌లోని హైడ్రోజన్ కొట్టేసి ఆ చోట సోడియం రాసింది. ఘాటు పోయింది.

"మొత్తం తుడిస్తే అయిపాయె గదా మేడం" అన్నాడు శ్రీశైలం.

"ఉప్పు చేసిన. ఉప్పుకు వాసనుండది. మీరు మళ్ల డబ్బా మారిస్తే, నేను గీ సోడియం తీసేస్త."

కరీంనగర్‌లో కంటి డాక్టరు ఐలయ్య ఎడమ కంటికి చూపు ఇక రాదన్నాడు. ఇంకొన్నాళ్లు గడిస్తే కుడిదీ పోయేదన్నాడు. బతికిన కన్నుకు అందరూ సంతోషించారు. భాగ్య ఒక్కతే ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కోపంతో ఏడ్చింది. పోయిన కన్నుకు ఎవరు జవాబు చెప్తారని మేడంను అడిగింది. ఊర్మిల కూడా ఆ మెట్ల మీదే కూర్చుంది.

వానాకాలంలో ఒకరోజు షెడ్డుకు కొత్త సరుకు వచ్చింది. ఐలయ్య మొదటి డబ్బాను తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా కాగితం లేదు. డబ్బా కింద పెట్టి, గ్లౌజులు విప్పి, తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. మిగతావాళ్లు అతన్ని చూసి, ఒకరి తర్వాత ఒకరు వచ్చి పక్కన కూర్చున్నారు. శ్రీశైలం బయటికొచ్చి వాళ్లను చూశాడు, డబ్బాను చూశాడు. ఫోన్ తీసి, సరుకు దించిపోయిన బండిని వెనక్కి పిలిపించాడు.