అక్కర్లేని ఉత్తరాలు

"నువ్వు నాకు చెప్పలేదే," అన్నారు మా ఆయన, బూట్ల లేసులు కట్టుకుంటూ.

పాప బడిలో తల్లిదండ్రుల సమావేశం ఆ సాయంత్రమే. ఈసారి తనే వెళ్తానని మాటిచ్చిందీ ఆయనే. నేను మూడుసార్లు గుర్తు చేశాను. ఒకసారి అన్నం తింటున్నప్పుడు, ఒకసారి ఫోన్ చూసుకుంటున్నప్పుడు, ఒకసారి ఇలాగే బూట్లు వేసుకుంటున్నప్పుడు. మూడుసార్లూ "ఊఁ" అన్నారు. అయినా ఆ మాట వినగానే నాకు నా మీదే అనుమానం వచ్చింది. చెప్పానా, చెప్పాలనుకుని ఊరుకున్నానా? పొయ్యి మీద ఒకటి, చేతిలో ఒకటి, మనసులో ఒకటి పెట్టుకుని తిరిగే మనిషికి తను పైకి అన్నదేదో, లోపల అనుకున్నదేదో తేల్చుకోవడం కష్టం. "ఏమో, మర్చిపోయానేమో. నేనే వెళ్తాలెండి," అన్నాను. పన్నెండేళ్ల కాపురంలో ఈ "ఏమో" తాళాల గుత్తిలా ఎప్పుడూ నా దగ్గరే ఉంటోంది.

మావయ్యగారు బల్ల దగ్గర కూర్చుని మా ఇద్దరి వంకా చూశారు. చెవిలో మిషను లేనిదే ఆయనకు వినపడదు. అత్తయ్య పోయిన ఈ నాలుగేళ్లలో ఆయన స్నానానికి తప్ప దాన్ని తీయగా నేను చూడలేదు. ఏదో అనబోయి ఊరుకున్నారు. ఆయన మందులు తీసి పక్కన పెట్టి, పాప డబ్బా సంచిలో సర్ది, నిలబడే రెండు ముద్దలు మింగి బయటపడ్డాను.

"పద పద, చెత్త ఏరే వేళయింది," అన్నారు మా ఆయన వెనకనుంచి. వెటకారమేం కాదు, సరదాకే. సరదాగా అన్న మాటకు జవాబు చెప్తే నాకే సరదా తెలియదంటారు.

మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. పద్దెనిమిది మందిమి, ఆడదాన్ని నేనొక్కదాన్నే. కాగితం మీద టైపిస్టుని. ఆఫీసు తొమ్మిదిన్నరకి మొదలవుతుంది, నేను ఎనిమిదిన్నరకే వెళ్తాను. ఆ గంట ఏ కాగితం మీదా లేదు. రెండేళ్ల క్రితం మా మేనేజరుగారు తనకు తగిలిన ఏదో బహుమతి అందుకుందామని ఒక ఉత్తరంలో ఉన్న లింకు నొక్కితే, ఆఫీసు కంప్యూటర్లన్నీ రెండు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాయి. అప్పట్లో రోజుకు ఒక్కొక్కరికి వంద చెత్త ఉత్తరాలు వచ్చేవి. లాటరీలు, బట్టతల మీద జుట్టు, ముసలితనం పోగొట్టే మాత్రలు. "నీకు టైపింగు వచ్చుగా, దీని సంగతేదో చూడమ్మా," అన్నారాయన. టైపింగు వచ్చినవాళ్ళకి సర్వర్ వస్తుందని ఆయన నమ్మకం. మెట్ల కింద పాత కంప్యూటరొకటి పడి ఉండేది. దాని ముందు కూర్చుని, ఉచితంగా దొరికిన పాఠాలు చదువుకుంటూ, చెడగొట్టుకుంటూ, మళ్ళీ కట్టుకుంటూ మూడు నెలల్లో మెయిల్ సర్వర్‌కి ఒక కాపలా నిలబెట్టాను. వేసవిలో అది వేడెక్కి ఆగిపోతుంటే ఫ్యాను కావాలని రాశాను. జవాబు రాలేదు. మా పాత మెకానిక్, అందరూ పెద్దన్న అని పిలుస్తారు, ఏదో లిఫ్టులోంచి ఊడదీసిన చిన్న ఫ్యాను తెచ్చి బిగించి, "ఇంద చెల్లెమ్మా, దీనికీ ప్రాణముందిగా," అని వెళ్ళిపోయాడు. ఆ ఫ్యాను గాలి నాకూ కాస్త తగులుతుంది.

ఆ కాపలా పనితీరు నాకు భలే ఇష్టం. కొత్త చిరునామా నుంచి ఉత్తరం వస్తే మొదటిసారి పుచ్చుకోదు. కాసేపాగి రమ్మంటుంది. అసలైనవాడు కాసేపాగి మళ్ళీ వస్తాడు. చెత్త పంపేవాడు లక్ష గడపలు ఎక్కాలి, వాడికంత ఓపిక ఉండదు. లోపలికొచ్చిన ఉత్తరాన్ని చదివి, అనుమానం కొద్దీ మార్కులు వేస్తుంది. అయిదు దాటితే చెత్తబుట్ట. ఇక మూడోది, నేర్చుకోవడం. ఏది చెత్తో మనం చూపిస్తూ పోతే, ఆ ఉత్తరాల్లో ఏ మాటలు ఎక్కువగా ఉంటున్నాయో గుర్తుపెట్టుకుని, ఆ మాటలు మళ్ళీ కనిపిస్తే అనుమానిస్తుంది. దానికి బుద్ధులు నేర్పడమే నా పొద్దుటి గంట. అందరి ఉమ్మడి పెట్టె తెరిచి, బుట్టలో పడ్డ మంచివాటిని పైకి తీసి, పైకొచ్చిన చెత్తను బుట్టలో వేసి చూపిస్తాను. ఎవరి సొంత పెట్టెలోకీ తొంగిచూడను. తాళం నా దగ్గరుందని ఇంకొకరి అర తెరవను. అందుకే ప్రతివాళ్ళ పెట్టెలోనూ ఒక స్పామ్ బటన్ పెట్టి, గోడ మీద కాగితం అంటించాను: "మీకు అక్కర్లేని ఉత్తరం వస్తే ఈ బటన్ నొక్కండి. ఒకరు నేర్పింది అందరికీ పనికొస్తుంది."

ఆ మాటలు నేనే రాశాను.

ఆ రోజు పదకొండింటికి మేనేజరుగారు హాల్లోకి వచ్చి చప్పట్లు కొట్టారు. "వచ్చే ఒకటో తారీఖు నుంచి మెయిల్ సర్వర్ బయటివాళ్ళకి అప్పగిస్తున్నాం. లోపలివాళ్ళలో ఎవరికైనా ఆ బాధ్యత కావాలంటే నాకు మెయిల్ పెట్టమని నెల క్రితమే చెప్పాను. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు పెట్టలేదు."

నేను మూడు పెట్టాను.

పెట్టానా? రాసి, పంపడం మర్చిపోయి, కూరగాయలు తరగడానికి లేచిపోయానా? పొద్దున ఇంట్లో నోటికొచ్చిన "ఏమో" మళ్ళీ నాలుక చివరికొచ్చింది. ఆయన నా వైపు చూసి, "ఏమ్మా, నీకు పని తగ్గుతుంది, సంతోషమేగా? సాయంత్రం నాలుగున్నరకి వాళ్ళొస్తారు, మీటింగుకి టీ చూడు," అన్నారు.

అంతలో పెద్దన్న చెమటలు కక్కుతూ వచ్చాడు. ఒక అయిదంతస్తుల భవనంలో లిఫ్టు నడిమధ్యలో ఆగిపోతోందట. పైన ఉండే రిటైరైన టీచరమ్మ శనివారం నలభై నిమిషాలు అందులో ఇరుక్కుందట. "కూరల సంచి మీద కూర్చుని పుస్తకం చదువుకుందట, గట్టి మనిషి. నన్ను మాత్రం పిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టింది. లిఫ్టులో రాసున్న మేనేజరుగారి చిరునామాకి రెండుసార్లు ఉత్తరం రాసిందట. మనకేం రాలేదే?"

నేను లాగ్ తెరిచాను. వచ్చిన ప్రతి ఉత్తరానికీ తేదీ, నిమిషం, సెకను, పడిన మార్కులు రాసి పెట్టుకునే చిట్టా అది. టీచరమ్మ ఉత్తరాలు రెండూ వచ్చాయి. ఒకదానికి ఆరు మార్కులు, ఇంకోదానికి ఏడు. రెండూ మేనేజరుగారి చెత్తబుట్టలో పడ్డాయి. లాటరీ లేదు, జుట్టు లేదు, ఒక ముసలావిడ లిఫ్టు గురించి రాస్తే ఏడు మార్కులా? ఈమధ్య ఉమ్మడి పెట్టెలో కూడా మర్యాదగా రాసిన ఉత్తరాలే చెత్తలో పడుతున్నాయి. రోజూ తీసి పైన పెడుతున్నానే గాని ఎందుకని అడగలేదు. ఏ మాటలకు మార్కులు పడుతున్నాయో చూపించమని అడిగాను. చూపించింది. దయచేసి. మనవి. వీలైతే. శ్రమ ఇస్తున్నందుకు మన్నించాలి.

ఇవి నా మాటలు. అడిగేటప్పుడు మెత్తగా అడగాలని మా అమ్మ నేర్పిన మాటలు.

ఇవి చెత్త అని దీనికెవరు నేర్పారో కూడా చిట్టాలో ఉంది. ఇరవై ఒక్కసారి, మేనేజరుగారి పెట్టెలోంచే. ఇరవై ఒకటీ నేను రాసినవే. మీటింగులకు టీ అందించే పని అందరికీ వంతులు వేయమన్నది మొదటిది. తెరిచిన నలభై సెకన్లకు బటన్. ఫ్యాను, ఇరవై సెకన్లు. పాప జ్వరానికి సెలవు, పదిహేను. పోనుపోనూ తెరవడం కూడా లేదు. సర్వర్ బాధ్యత నాకు ఇవ్వమని రాసిన మొదటి ఉత్తరం, పదకొండో తారీఖు, పదీ నాలుగు నిమిషాలకు చేరింది. రెండో సెకనులో బటన్. తరవాత రెండింటికీ ఆయన శ్రమ పడనక్కర్లేకపోయింది. నేను కట్టిన కాపలాయే నన్ను గుర్తుపట్టి బయటికి నెట్టేసింది. ఆయన హాల్లో అబద్ధం చెప్పలేదు. గోడ మీది కాగితంలో నేను చెప్పినట్టే చేశారు. అక్కర్లేనివి నొక్కారు.

విచిత్రంగా నాకు ఏడుపు రాలేదు. ఆ అంకెల వంక చూస్తూ ఒకటే అనుకున్నాను. నేను చెప్పాను. మర్చిపోలేదు, మనసులోనే అనుకుని ఊరుకోలేదు. చెప్పాను. గడపలో నిలబెట్టినా మూడుసార్లు తిరిగొచ్చాను. పెద్దన్నతో, "ముందా లిఫ్టు ఆపేసి బాగుచెయ్యి, టీచరమ్మకి నేను ఫోన్ చేస్తాను," అన్నాను. మేనేజరుగారి గది తలుపు తట్టి, "సాయంత్రం పాప బడికి వెళ్ళాలి. టీ సంగతి మీరే చూసుకోండి," అని చెప్పాను. రెండేళ్లలో మొదటిసారి ఆ వాక్యంలో "దయచేసి" లేదు.

బడినుంచి ఇంటికి వచ్చాక ఆఫీసులో జరిగిందంతా చెప్పాను. మా ఆయన టీవీ గొంతు తగ్గించారు, ఆపలేదు. "దీనికింత రాద్ధాంతం ఎందుకే? సర్వర్ నీ చేతిలోదేగా. నీ ఉత్తరాలకి అడ్డు చెప్పొద్దని దానికో లైను రాసేయ్, అయిపోయె."

నిజమే, ఒక్క లైను. నాలుగు మాటల పని. కాని దొడ్డిదారిన లోపలికి వెళ్ళాల్సిన అవసరం నాకేముంది?

"అయినా ఆ పోస్టు కావాలని నువ్వు నాతో కూడా ఎప్పుడూ అనలేదే," అన్నారు.

"అన్నానండీ. పోయిన నెల పదో తారీఖు, ఆదివారం, మీరు గడ్డం గీసుకుంటున్నారు. బడి మీటింగు సంగతి శుక్రవారం రాత్రి అన్నం దగ్గర, శనివారం సోఫాలో, సోమవారం ఏడూ పదికి గుమ్మంలో చెప్పాను. మర్చిపోయింది నేను కాదు."

ఆయన నోరు తెరిచారు. ఈలోగా పక్కనుంచి, "చెప్పింది," అన్నారు మావయ్యగారు. "నాలుగుసార్లూ చెప్పింది. నేను విన్నాను. పొద్దున్నే అందామనుకుని ఊరుకున్నాను, తప్పు నాది."

టీవీ ఆగింది.

మావయ్యగారు చెవి మిషను తీసి అరచేతిలో పెట్టుకున్నారు. "అమ్మాయ్, మీ అత్తయ్య మాట్లాడ్డం మొదలెడితే నేను దీన్ని తీసి జేబులో వేసుకునేవాణ్ణి. బ్యాటరీ ఆదా అనేవాణ్ణి. తొమ్మిదేళ్లు ఆదా చేశాను. ఇప్పుడు అర నిండా బ్యాటరీలున్నాయి. మాట్లాడే మనిషి లేదు." మిషను మళ్ళీ చెవిలో పెట్టుకుని, కొడుకు వైపు చూడకుండా, "నీకింకా ఉంది," అన్నారు.

మర్నాడు నేను కూర్చుని తిన్నాను. అన్నం వేడిగా ఉంది. తొమ్మిదిన్నరకు ఆఫీసుకు వెళ్ళాను. కాపలా నేర్చుకున్నదంతా చెరిపేశాను. తప్పుడు పాఠాలతో నిండిన బుర్రను చెరిపి మొదటినుంచి నేర్పడం తప్ప మార్గం లేదు, లేకపోతే ఇంకో టీచరమ్మ ఇంకో లిఫ్టులో కూర్చోవాల్సి వస్తుంది. మొదటినుంచి నేర్పడమంటే మళ్ళీ రోజుకో గంట. అది ఎవరి గంటో తేలాలి. తేలకపోతే నేను టైపిస్టుని, తొమ్మిదిన్నరకే వస్తాను. ఆ సంగతి అందరికీ ఒక ఉత్తరంలో తెలియజేసి, మేనేజరుగారికి విడిగా రెండు వాక్యాలు రాశాను: "మెయిల్ సర్వర్ కట్టింది నేను, నడుపుతున్నది నేను. ఆ పోస్టులో నా పేరు రాయండి." పంపాక చిట్టా చూశాను. చేరింది. మార్కులు సున్నా.

పదకొండయ్యేసరికి మేనేజరుగారి అద్దాల గదిలోంచి పిలుపు. "ఏమ్మా! లాటరీలు, మాత్రలు, అన్నీ మళ్ళీ వచ్చిపడుతున్నాయి. ఏం చేశావు?"

"తప్పులు నేర్చుకుందండీ, చెరిపేశాను."

"మరి మళ్ళీ నేర్పు."

"నేర్పుతాను. నా ఉత్తరానికి జవాబు వచ్చాక."

"ఏ ఉత్తరం? నాకేం రాలేదే."

"తొమ్మిదీ నలభైకి వచ్చిందండీ. వెతకండి." నేను ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. టీ కప్పులు పెట్టడానికి ఆ గదిలోకి ఎన్నోసార్లు వెళ్ళాను గాని, ఆ కుర్చీ ఇంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు.

ఆయన వెతకడం మొదలెట్టారు. జుట్టు మొలిపించే నూనె దాటారు. ఎవరో రాజుగారి ఆస్తి దాటారు. "ఛ, ఛ," అంటూ ఇంకేదో గబగబా దాటారు. నుదురు తుడుచుకుని, "సరే, వెతుకుతాను గాని, ముందో టీ పట్రా," అన్నారు.

"ఇవాళ వంతు మీదండీ," అన్నాను. "అదీ రెండేళ్ల క్రితమే రాశాను."

ఆయన తలెత్తలేదు. ఉత్తరం దొరికింది కాబోలు, కళ్ళు ఒకచోట నిలిచాయి. చదివారు. మళ్ళీ చదివారు. మౌసు మీది చెయ్యి అలవాటు కొద్దీ పైకి, బటన్ వైపు కదిలి ఆగిపోయింది.

"నొక్కండి, పర్లేదు," అన్నాను. "చిట్టా అది కూడా రాసిపెట్టుకుంటుంది."