ఆముదంలో రెండు వాషర్లు

హనుమయ్య హార్లిక్స్ సీసా మూత తీసి, రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి, ఒక తోలు వాషరును పైకి లాగాడు. బొటనవేలితో గట్టిగా నొక్కాడు. అది లోపలికి కుంగి, మళ్లీ నెమ్మదిగా తన గిన్నె ఆకారానికి వచ్చింది. అంటే నానిందన్నమాట. ఎనిమిది రోజులు ఆముదంలో ఉంటేగాని తోలుకి ఆ గుణం రాదు. సీసాలో అలాంటివి నాలుగున్నాయి. పొద్దున ఇంకా ఆరు కూడా కాలేదు, అప్పుడే గోడలు వెచ్చగా ఉన్నాయి.

బోరింగు కొట్టేది మనిషే అయినా, నూట పది అడుగుల లోతునుంచి నీటిని పైకి ఎత్తేది ఆ వాషర్లు. ఆఫీసువాళ్లు నల్ల రబ్బరువి ఇస్తారు. ఈ నేలలోని ఇసుకకు అవి రెండు నెలలకే చిరుగుతాయి. అందుకే హనుమయ్య నరసరావుపేట వెళ్లి, చెప్పులు కుట్టే ఐజాక్ చేత మంచి తోలు కోయించుకొచ్చి, ఇంట్లో నానబెట్టి వేస్తాడు. అవి రెండేళ్లు ఆగుతాయి. ఈ సంగతి ఇరవై ఏడేళ్లలో తొమ్మిదిమంది ఇంజనీర్లకు చెప్పాడు. అందరూ తలూపారు, ఒక్కడు కూడా కాగితం మీద పెట్టలేదు.

భార్య శ్యామల మజ్జిగన్నం డబ్బాలో సర్దుతూ గొణిగింది.

"ఈ ఎండకి మనుషులు రాలిపోతన్నారు. రేపు పోగూడదా?"

"రేపు పోతే ఆడ బోరింగుండదే" అన్నాడు హనుమయ్య, సీసా మూత బిగిస్తూ.

నిజంగానే ఉండదు. ముందురోజు సాయంత్రం ఏఈ నరేంద్ర ఫోను చేసి చెప్పాడు. క్వారీ కాలనీలో బోరింగు తొమ్మిది రోజులుగా పనిచెయ్యడం లేదు గనక దాన్ని ఎండిన బోర్ల జాబితాలో వేశారట, ఎల్లుండి పైపులు లాగేస్తారట. హనుమయ్యకు నెత్తురు మరిగింది. అది ఎండలేదు, లోపల పైపులకు చిల్లులు పడ్డాయి, రెండు పైపులిమ్మని తొమ్మిది రోజులుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నది తనే. మూడోరోజున ఎవరో వచ్చి, ఉత్తి హ్యాండిల్‌ని ఫోటో తీసుకుపోయారు. ఆ ఫోటోతో బోరు ఎండిపోయింది. చివరికి బతిమాలగా, మర్నాడు సాయంత్రం నాలుగింటికి వచ్చి చూస్తానని, నీళ్లొస్తే ఉంచేద్దామని నరేంద్ర మాటిచ్చాడు.

ఒకప్పుడు ఈ పనికి నలుగురు మనుషులు, ఒక వ్యాను, పైపులెత్తే ముక్కాలి స్టాండు ఉండేవి. వ్యాను పాడైంది, స్టాండు ఏమైందో ఎవరికీ తెలియదు. ఒకరు చచ్చిపోయారు, ఇద్దరు రిటైరయ్యారు, వాళ్ల స్థానంలో ఎవరినీ వెయ్యలేదు. అరవై ఏళ్ల కాంట్రాక్టు మెకానిక్కు హనుమయ్య, అతని మోపెడ్డు మిగిలాయి. కొత్త బోరు వెయ్యడానికి మాత్రం ఎప్పుడూ నిధులుంటాయి. కొబ్బరికాయ కొట్టొచ్చు, రిబ్బను కత్తిరించొచ్చు, పేర్లు చెక్కించుకోవచ్చు. వాషరుకి శిలాఫలకం పెట్టలేరు గదా!

ముందు మండలాఫీసు వెనక్కి పోయాడు. అక్కడ తుమ్మచెట్ల కింద, ఊళ్లలో పీకి తెచ్చిన పైపులు వేలానికి ఎదురుచూస్తూ తుప్పు పడుతున్నాయి. వాటిలో సగం ఏ లోపమూ లేనివి. హనుమయ్య గోరుతో మరలు గీకి చూసుకుని, రెండు మంచి పైపులు ఏరి మోపెడ్డుకు పక్కగా కట్టుకున్నాడు. వాచ్‌మన్ అమ్జద్ టీ తాగుతూ అటు తిరిగి కూర్చున్నాడు. దొంగతనమే. పుట్టి బుద్ధెరిగాక హనుమయ్య చేసిన మొదటి దొంగతనం. అయినా తాడుకు ఇంకో ముడి బిగించాడు. తొమ్మిది రోజులు అడిగింది ఈ పైపులనే అనుకుంటే ఒళ్లు మండింది.

కాలనీలో ముప్ఫై నాలుగు గడపలు. అందరూ నాపరాయి క్వారీల్లో పనికి పోయేవాళ్లే. రెండేళ్ల కిందట ఇంటింటి ముందూ నీలం గొట్టంతో ఒక కుళాయి పాతి పోయారు. ప్రారంభోత్సవం రోజున ట్యాంకరు తెచ్చి నీళ్లు వదిలారు. ఆ తర్వాత చుక్క లేదు. ఆ గొట్టాలకు ఇప్పుడు మేకల్ని కట్టేస్తున్నారు. బోరింగు ఆగిపోయిన దగ్గర్నుంచి ఆడవాళ్లు మిరపతోట మోటారు దగ్గరికి బిందెలతో పోతున్నారు. తోటాయన నోటికొచ్చినట్టు తిట్టి, మొక్కలకు చాలినాక మిగిలితే పట్టుకోనిస్తాడు.

సుబ్బమ్మ అప్పటికే ఆరుగురు ఆడవాళ్లను పోగేసి పెట్టింది. ఆ రోజు వాళ్లు కూలి మానుకున్నారు. ఆమె ఇల్లు బోరింగుకు ఎదురుగానే. పదేళ్లుగా బోరింగు చెయినుకు గ్రీజు పెట్టేదీ, గట్టు మీద అంట్లు తోమేవాళ్లను తరిమేదీ ఆమే. హనుమయ్య దగ్గర నేర్చుకుంది, ఆయన కోపంతో సహా. హ్యాండిల్ కొట్టి ఠపీమని వదిలేసే కోడలిపిల్లల్ని చూస్తే హనుమయ్యకు పూనకం వచ్చేది. "అదేమన్నా మీ అత్త నెత్తనుకున్నావా ఏందే!" అని అరిచేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు గాని, తర్వాత మెల్లగా దించేవాళ్లు. అట్లా దించబట్టే ఈ బోరింగు ఇరవై రెండేళ్లు బతికింది.

బోరింగు తల విప్పారు. చెయిను ఊడదీసి, కడ్డీలు ఒకటొకటిగా పైకి లాగారు. తర్వాత పైపులు. స్టాండు లేదు గనక రెంచీలు పట్టుకుని, అటు ముగ్గురు ఇటు ముగ్గురు నడుం బిగించి ఎత్తడం, హనుమయ్య క్లాంపు బిగించి పట్టడం, మర విప్పడం. పది అడుగులకొకసారి ఇదే. ఎవరి పట్టు జారినా పైపులన్నీ బోరులో పడిపోతాయి, ఇక అది నిజంగానే చచ్చినట్టు. ఎవరి పట్టూ జారలేదు. అయిదో పైపుకీ ఆరో పైపుకీ వేలు దూరేంత చిల్లులు కనిపించాయి. ఎండిన బోరంట! హనుమయ్య ఆ చిల్లులోంచి ఆకాశం చూసి, నరేంద్రను అమ్మనా బూతులు తిట్టాడు. ఆడవాళ్లు విననట్టు మళ్లీ రెంచీలు అందుకున్నారు.

పన్నెండు దాటింది. రెంటచింతలలో ఎండెంతుందో టీవీలో చెబుతారు, క్వారీ కాలనీలో ఎంతుందో ఎవరూ చెప్పరు. ఇనుము ముట్టుకుంటే చేతులు కాలుతున్నాయి. రెంచీలకు తడిగుడ్డలు చుడదామంటే తడపడానికి నీళ్లు లేవు. కాసేపు నీడన కూచోమని సుబ్బమ్మ రెండుసార్లు అంది. నాలుగింటికి సారు వస్తాడని హనుమయ్య రెండుసార్లూ అదే జవాబు చెప్పాడు. మజ్జిగన్నం డబ్బా మోపెడ్డుకే వేలాడుతోంది. అడుగు గొట్టం విప్పి, చిరిగిన రబ్బరు వాషర్లు పీకి పారేసి, నానిన తోలువి రెండు ఎక్కించాడు. చిల్లుల పైపులు రెండూ తీసి, తెచ్చినవి పెట్టి, మళ్లీ పదకొండూ దించేసరికి మూడున్నర అయింది. అతనికి చెమట పట్టడం ఎప్పుడో ఆగిపోయింది. ఆ హడావుడిలో ఎవరూ అది చూడలేదు.

సుబ్బమ్మ హ్యాండిల్ పట్టుకుంది. ముప్ఫైసార్లు కొట్టినా ఉత్తి గాలి. నలభై. లోపల గరగరమంది. తుప్పునీళ్లు వచ్చాయి. ఇంకో పదిసార్లు కొట్టేసరికి తేటపడ్డాయి.  బిందెలు వాటంతటవే వరసలోకి వచ్చాయి.

నాలుగున్నరకు ఫోను మోగింది. తాను రావడం లేదన్నాడు నరేంద్ర. వచ్చినా లాభం లేదట, జాబితా పోయిన వారమే పైకి వెళ్లిపోయిందట.

"నీళ్లొస్తన్నయ్ సార్."

"రిపోర్టులో ఎండినట్టు వెళ్లింది హనుమయ్యా. ఇప్పుడు మార్చడం కుదరదు. రేపు మనుషులొస్తారు, నువ్వు అడ్డం పడకు."

 హనుమయ్య ఫోను బోరింగు మూతి దగ్గర పెట్టాడు. ధార బిందెలో పడుతున్న చప్పుడు అవతలివాడికి వినిపించేదాకా అట్లాగే పట్టుకున్నాడు. నరేంద్ర ఫోను పెట్టేశాడు.

అప్పుడు, బోరు వేసిననాడు పక్కనే పాతిన శిలాఫలకం నీడలో కూలబడ్డాడు. దాని మీద పదకొండుమంది పేర్లున్నాయి. ఒక మనిషి తలకు సరిపడా నీడ ఇవ్వడం తప్ప అది ఇన్నేళ్లలో ఎవరికీ ఉపకారం చెయ్యలేదు. సుబ్బమ్మను పిలిచి సీసా చేతిలో పెట్టాడు. నాలుక మందంగా తిరిగింది.

"ఇంకా రెండున్నయ్ ఇందులో. ఆముదం తగ్గకుండా చూడు. ఎట్టా ఎక్కియ్యాలో చూశావుగా."

"ఆ రబ్బరువాటి మాదిరి ఇయి మాటిమాటికీ పోవుగా అన్నా. దీంతో పనేముంది నాకు?"

"నేను లేకపోతే ఎవుడొస్తాడే నీకు?" అన్నాడు విసుగ్గా. "దాచు."

ఆమె సీసా ఇంట్లో పెట్టి, చెంబుతో నీళ్లు పట్టుకొచ్చింది. హనుమయ్య తల పక్కకు వాలి ఉంది. కళ్లు బోరింగు వైపే తెరిచి ఉన్నాయి. ఆ నీళ్లు అతని నోట్లో పోస్తే పక్కనుంచి కారిపోయాయి.

ఆటోలో ఇంటికి చేర్చారు. కాలనీ ఆడవాళ్లు నాలుగు బిందెల నీళ్లు కూడా తీసుకెళ్లారు. ఆఖరి స్నానం ఆ నీళ్లతోనే చేయించారు.

డ్యూటీలో పోయాడని ఒక ముక్క రాసివ్వమని శ్యామల ఆఫీసుకు వెళ్లింది. గుమాస్తా రిజిస్టరు తిరగేసి, ఎండిన బోరు దగ్గర మెకానిక్కుకు పనేముంటుందమ్మా అన్నాడు. సొంతపని మీద వెళ్లి వడదెబ్బకు పోయినట్టు రాశారు. వాళ్ల పుస్తకాల్లో ఆ బోరూ లేదు, ఆ నీళ్లూ లేవు, ఆ రోజు పొద్దుటినుంచి నాలుగున్నరదాకా హనుమయ్య పడ్డ చాకిరీ కూడా లేదు. ఇరవై ఏడేళ్ల కొలువును ఒక్క వాక్యంతో సొంతపని చేశారు. శ్యామల ఆ కాగితం తీసుకోకుండా లేచి వచ్చింది.

పైపులు లాగేవాళ్లు ఇప్పటికి మూడుసార్లు వచ్చారు. వ్యాను మలుపు తిరగడం కనిపించగానే ఎవరో ఒకామె పోయి హ్యాండిల్ పట్టుకుంటుంది. ఆమె అలిసిపోతే ఇంకొకామె. బిందెలన్నీ నిండినా ఆపరు, నీళ్లు మేకల తొట్లలో పోస్తారు, మళ్లీ కొడతారు. వచ్చినవాళ్లు ఎండలో గంటో రెండు గంటలో నిలబడి, ధారగా నీళ్లొస్తున్న బోరింగును విప్పడానికి చేతులు రాక, ఫోటో ఒకటి తీసుకుని పోతారు.

ఎదురుగా సుబ్బమ్మ ఇంటి గూట్లో, దీపం పక్కన, హార్లిక్స్ సీసాలో అంచుదాకా ఆముదం ఉంది. అందులో రెండు తోలు వాషర్లు మునిగి నానుతున్నాయి.