పానా దొరికేదాకా

బస్సుల షెడ్డులో అడుగుపెట్టిన మొదటిపూటే అతని పేరు గాలికి పోయింది. ఎవరో "మిలట్రీ" అన్నారు, అదే ఖాయమైంది. పట్టాళంలో లారీలు బాగుచేసేవాడు. మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. ఇప్పుడక్కడ కట్టుడు కాలు. షెడ్డులో వారం రోజులు పని చూస్తారు, నచ్చితే ఉంచుకుంటారు.

పంపింది ఉద్యోగాలమ్మ. దెబ్బతిని వచ్చిన సిపాయిలకు పని వెతికిపెట్టే ఆఫీసు ఆవిడది. ఇదే షెడ్డుకి అంతకుముందు ఇద్దర్ని పంపింది. ఒకడు షెడ్డు మేస్త్రీతో కలబడి వెళ్లిపోయాడు. రెండోవాడు టైరు పేలిన చప్పుడుకి బల్లకింద దూరాడు, మర్నాటి నుంచి మొహం చూపించలేదు. "వీడే ఆఖరు. వీడూ పోతే మా గేటు తొక్కకండమ్మా" అన్నాడు మేస్త్రీ. ఆ మాట ఆవిడ మిలట్రీ దగ్గర దాచలేదు. "నీ వెనకాల చాలామంది కూర్చునున్నారు నాయనా. కాస్త సర్దుకుపో."

సర్దుకుపోవడం అతని ఒంట్లో లేదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచి నడిచి భార్య ప్రాణం తీశాడు. "గచ్చు అరిగిపోతోందయ్యా, కాసేపు కూర్చోరాదూ" అనేదావిడ. షెడ్డుకొచ్చినా అంతే. వచ్చిన మర్నాడే గోడకి చెక్క బిగించి, ప్రతి పానానీ దాని మీద తగిలించి, చుట్టూ సుద్దతో గీత గీశాడు. పని అయ్యాక ఏ పానా ఆ గీతలోకి రావాలి. గీత ఖాళీగా ఉంటే బండి కదలకూడదు. పట్టాళంలో అంతేనట.

"పానాలకి ఇళ్లు కట్టించాడ్రోయ్" అని నవ్వాడు బక్కోడు. షెడ్డులో పాత మెకానిక్ వాడు. ఒంట్లో కండ ఉన్నది నాలిక్కే.

వారంలో ఆఖరి రోజు, బస్సు కిందికి దిగి పనిచేసే గొయ్యిలో నీళ్లు నిలిచాయి. మిలట్రీ, బక్కోడు రబ్బరు బూట్లేసుకుని దిగి, కొండదారిన పోయే బస్సుకి బ్రేకులు బిగించారు. పైకొచ్చాక మిలట్రీ కట్టుడు కాలు కదిపితే టకటకమంది. మడమ దగ్గర మర వదులైందనుకున్నాడు. ఆ కాలికది మామూలే. చేతులు తుడుచుకుంటూ చెక్క వైపు చూశాడు. ఒక గీత ఖాళీగా ఉంది.

అప్పటికే జనం ఎక్కి కూర్చున్నారు. మిలట్రీ బస్సు తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"పానా దొరికేదాకా బండి కదలదు."

"పానా పోతే ఇంకోటొస్తుంది, మా పొద్దు పోతే నువ్విస్తావా?" అని కిటికీలోంచి ఒకాయన అరిచాడు.

"బ్రేకుల్లో ఇరుక్కుని కొండ మీద తెలిస్తే, మీ పొద్దు అక్కడే గుంకుతుంది."

ఆ మాటతో బస్సు సగం ఖాళీ అయింది. మేస్త్రీ తిట్టుకుంటూ వేరే బస్సు రప్పించి మిగతావాళ్లని సాగనంపాడు. బ్రేకులన్నీ మళ్లీ విప్పారు. గొయ్యిలో నీళ్లు తోడారు. పానా లేదు.

"నేను నీ చేతికే ఇచ్చాను కదయ్యా!" అన్నాడు బక్కోడు.

"నాకివ్వలేదు" అన్నాడు మిలట్రీ, తడుముకోకుండా.

మేస్త్రీ బక్కోడి మీద పడ్డాడు. "నీ నోరు తిరిగినంత చెయ్యి తిరగదురా. సోమవారం నుంచి బస్సులు కడుగు." ఇటు తిరిగి, "నువ్వు ఆపావు కాబట్టి సరిపోయింది. సోమవారం నుంచి వచ్చెయ్" అన్నాడు.

మిలట్రీ ఆ రబ్బరు బూట్లతోనే వెళ్లి బస్టాపులో బల్ల మీద కూలబడి, పని ఖాయమైందని ఇంటికి ఫోన్ చేశాడు. "పోనీలే, గచ్చు బతికింది" అంది భార్య. నవ్వుకుంటూ, మర బిగిద్దామని ఎడమ బూటు లాగాడు. అందులోంచి పానా జారి ఠంగుమని రాళ్ల మీద పడింది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండు చేతులూ పైన ఉండగా బక్కోడు అందించాడు. పట్టాళంలోలాగే చూడకుండా అందుకుని నడుముకి దోపుకున్నాడు. జారిపోయింది. వెడల్పు బూటు, సన్నటి కాలు. ఆ కాలికేం తెలుస్తుంది?

ఉద్యోగాలమ్మకి ఫోన్ చేసి చెప్పాడు.

"ఎవరైనా చూశారా?" ఆవిడ మొదటి మాట అది.

"లేదమ్మా."

"అయితే సోమవారం ఆ గొయ్యిలోనే ఎక్కడో..." అని ఆగింది. "నేనేమీ అన్లేదు, నువ్వేమీ విన్లేదు. కానీ నాయనా, ఆ గేటు మూసుకుంటే నీ ఒక్కడికే కాదు."

ఫోన్ పెట్టేసి బస్టాపులో ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగాడు. ఇంటికెళ్లే బస్సొచ్చింది. ఎక్కబోయాడు, దిగాడు. మళ్లీ తిరిగాడు. "ఎక్కుతావా, దారి కొలుస్తావా?" అని కండక్టరు విసుక్కుని వెళ్లిపోయాడు.

షెడ్డులో బక్కోడు ఇంకా ఉన్నాడు. విప్పిన బ్రేకుల మధ్య చతికిలబడ్డాడు. మిలట్రీ పానా తెచ్చి మేస్త్రీ బల్ల మీద పెట్టాడు. ఎక్కడ దొరికిందో చెప్పాడు.

మేస్త్రీ పానా వంక చూశాడు, బూటు వంక చూశాడు. "కాలికి తెలీదు, సరే. నోటికేమైంది? ఇవ్వలేదని అంత గట్టిగా ఎలా అన్నావు?"

"నా లెక్క తప్పదనుకున్నాను." బక్కోడి వైపు తిరిగాడు. "నువ్విచ్చావు. తీసుకున్నది నేనే."

"ఊరందరి ముందూ నన్ను పనికిమాలినవాణ్ని చేశావు కదయ్యా" అన్నాడు బక్కోడు. వాడు అంత నెమ్మదిగా మాట్లాడటం షెడ్డులో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "సోమవారం ఎవడో ఒకడు బస్సులు కడగాల్సిందే."

"నేను కడుగుతాను."

"ఎన్నాళ్లు?"

"బక్కోడు చాలనేదాకా."

"అయితే నీ జుట్టు నెరిసేదాకా కడుగు!" అని బక్కోడు లేచాడు. సుద్ద తీసుకుని చెక్క మీద, పానాల పక్కన, ఒక పెద్ద బూటు బొమ్మ గీశాడు. "రోజూ ఇంటికెళ్లేముందు ఇక్కడ బోర్లించి దులుపు. నేను చూస్తుండగా."

మిలట్రీ పానాని దాని గీతలో తగిలించాడు. అంతలో మేస్త్రీ ఫోన్ మోగింది. అవతల ఉద్యోగాలమ్మ.

"ఆఁ, వచ్చి చెప్పాడమ్మా. ఉన్నాడు, కడిగే పనిలో వేశాను. గొయ్యిలో మనిషి తక్కువయ్యాడు, మీ దగ్గర ఇంకెవరున్నారు?" మేస్త్రీ కాసేపు విన్నాడు. "కాళ్ల సంగతి నేనడిగానా? బూట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూసి పంపండి."