డ్యూటీ దిగని విజిల్

నేను ఒక కండక్టరు విజిల్ని. ఒక రేకుల షెడ్డులో ఇత్తడి ముక్కగా పుట్టాను. కడుపులో చిన్న బెండు గోళీ వేసి మూశారు, అప్పట్నుంచీ నాకు నిలకడ లేదు. మొదటి యజమాని నన్ను ఊదినదానికంటే నాతో చెవి గోక్కున్నదే ఎక్కువ. ఆయన రిటైరవుతూ నన్ను కొత్తగా చేరిన మరియమ్మ చేతిలో పెట్టాడు. ఒక్కసారి ఊదితే బస్సు ఆగేది, రెండుసార్లు ఊదితే కదిలేది. బండెడు జనం నా మాట వింటుంటే నాకు కాస్త పొగరెక్కిన మాట నిజం.

అయితే మరియమ్మ అవసరానికి మాత్రం ఏ బస్సూ ఆగలేదు. మగవాళ్ళు ఏ గోడ చాటుకో పోయొచ్చేవారు. ఆమె మంచినీళ్ళు మానుకుని, డిపో చేరేదాకా పళ్ళ బిగువున ఓర్చుకునేది.

ఇప్పుడామెకు మతిమరుపు జబ్బు. కన్నకూతురు సువార్తను గుర్తుపట్టదు గానీ డ్యూటీని మరవలేదు. నన్ను మెడలో వేసుకుని వరండాలో అటూ ఇటూ ఒకటే తిరుగుడు. బాత్రూంకి రమ్మంటే, బండి మధ్యలో వదిలి ఎలా వస్తానంటుంది. అంతలోనే చీర తడిసిపోతుంది. మార్చబోతే చెయ్యి విసిరి కొడుతుంది, ఆనక మూలకు తిరిగి సిగ్గుతో ఏడుస్తుంది. అది చూడలేక నేను ఆమె గుండెల మీద ఎగిరెగిరి పడతాను. డాక్టరు డైపర్లు రాస్తే పీకి పోగులు పెట్టింది. ఏదైనా ఆశ్రమంలో చేరుద్దామని అల్లుడు నెమ్మదిగా అంటున్నాడు. అక్కడ ఎవరెవరో అమ్మ చీర లాగుతారని సువార్తకు దిగులు.

మొన్న పొద్దున మరియమ్మ అలాగే తిరుగుతుంటే, సువార్త నన్ను మెల్లగా తీసుకుని ఒక్కసారి ఊదింది. మరియమ్మ ఠక్కున ఆగింది.

"డిపో వచ్చిందమ్మా, దిగు."

"జనాన్ని దిగనీ. కండక్టరు ఆఖర్న దిగాల."

కనిపించని ఆ జనమంతా దిగేదాకా సువార్త బాత్రూం తలుపు పట్టుకుని నిలబడింది. ఆ కాసేపూ నాకు ప్రాణం పోయినంత పనైంది. తర్వాత మరియమ్మ తనంతట తనే లోపలికి నడిచి, పొడి చీరతో బయటికొచ్చింది. కూతుర్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు పోయొచ్చావా అమ్మాయ్? పొద్దుట్నించీ నిలబడే ఉన్నావు. సిగ్గుపడమాక, తలుపు కాడ నేనుంటాలే."

సువార్త నన్ను పిడికిట్లో బిగించి లోపలికి వెళ్ళింది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కివెక్కి ఏడ్చింది. ఎన్నాళ్ళ ఏడుపో అది. బయట మరియమ్మ తలుపుకు వీపు ఆనించి నిలబడి, ఎవరో తొందరపెడుతున్నట్టు కసురుతోంది.

"లోపల ఆడకూతురుంది. ఆగండి."