మూడో రీలులో కేక

ఉదయం పదకొండూ ఇరవైకి మిక్సింగ్ గదిలో అరవై రెండేళ్ల ముసలావిడ రేకు ఫిల్మ్ డబ్బా ఎత్తి సౌండ్ ఇంజనీరు కుడిచేతి మీద కొట్టింది. రెండు వేళ్లు విరిగాయి.

అణుబాంబు పడ్డ తర్వాతి రోజుల మీద తీస్తున్న డాక్యుమెంటరీ అది. బాంబు నాటికి ఆమెకు పదహారేళ్లు. పాత ఫిల్ములో తెలిసినవాళ్లుంటే చెప్పమని డైరెక్టరు పిలిపించాడు.

మూడో రీలు వేశారు. బాంబు పడిన మూడో రోజు, బడి వరండా. కాలినవాళ్లను వరసగా పడుకోబెట్టారు. ఒకతని వీపు చాపకు అంటుకుంది. లేపబోతే చర్మం చాపతో పోయింది. పక్కనున్న అమ్మాయికి ముఖం లేదు. నోరుండాల్సిన చోట కన్నం తెరుచుకుని మూసుకుంటోంది. ఒక పిల్ల అందరి ముఖాలూ చూసుకుంటూ ఆ అమ్మాయి పక్కగా నడిచింది. స్పీకర్లలో కేక వినిపించింది.

"ఆపండి. ఆ నడిచేది నేనే. వెనక్కి తిప్పండి," అంది ముసలావిడ.

రెండోసారి వేసినప్పుడు, పడుకున్న అమ్మాయి పాదం కనబడగానే మళ్లీ ఆపమంది. ఎడమకాలి వేళ్లు రెండు కలిసిపోయి ఉన్నాయి.

"మా చెల్లి. పుట్టుకతోనే అలా. దాన్ని వెతుకుతూ ముఖాలే చూశాను, కాళ్లు చూళ్లేదు. అది అరవలేదు నాయనా. అరిస్తే ఆగేదాన్ని కదా. ఆ కేక ఎక్కడిది?"

ఆ ఫిల్ముకు శబ్దం లేదు. బొమ్మలో నోరు తెరుచుకుంటే కేక అతికించడం ఇంజనీరు పద్ధతి.

"మా అమ్మాయి చేత అరిపించాను పెద్దమ్మా. మూడు టేకులకే గొంతు పోయింది. రెండ్రోజులు ఇల్లు ప్రశాంతం," అని నవ్వాడు.

"తీసెయ్."

"మూగబొమ్మ ఎవరు చూస్తారు?"

"చెల్లెలు అరుస్తుంటే దాటుకుని పోయిందంటారు నన్ను. తీసెయ్యరా!"

"సాయంత్రానికి ప్రింటు వెళ్లాలి. కానివ్వు," అన్నాడు డైరెక్టరు.

ఇంజనీరు రీలు మళ్లీ నడిపించి వాల్యూమ్ మీట పైకి తోశాడు. అప్పుడే ఆమె కొట్టింది. డైరెక్టరు ఆమె జబ్బ పట్టుకుంటే అతని మణికట్టు కొరికింది. నెత్తురు బల్ల మీద పడింది. రీలు ఎవరూ ఆపలేదు. తెర మీద పిల్ల దాటిపోయాక, పడుకున్న అమ్మాయి చెయ్యి ఆ పిల్ల వెళ్లిన వైపు లేచింది. కాసేపు ఉండి పడిపోయింది.

ఇంజనీరు వేళ్లు విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అది చూశాడు. "మొదటికి తిప్పండి," అన్నాడు. ఎడమచేత్తో మీట కిందికి లాగాడు.

పన్నెండూ పదికి మూడో రీలు శబ్దం మళ్లీ రికార్డయింది. ఆ షాటు పంతొమ్మిది సెకన్లు. ఆ పంతొమ్మిది సెకన్లూ సౌండ్ ట్రాకు మీద ఏమీ లేదు.