ఆమెకు వచ్చిన ఎడారి

వాన.

సన్నగా, చప్పుడు లేకుండా, తెల్లారిన దగ్గర్నుంచీ వాన. సమాధి అంచున నాచు ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే చల్లటి నీళ్ళు వదులుతోంది.

సంతోషకుమారి మోకాళ్ళ మీద కూర్చుని, చలికి మాడిపోయిన మొక్కల్ని ఒక్కొక్కటే పీకుతోంది. శనివారం శనివారం వస్తుంది. రాక తప్పదు. ఈ దేశంలో సమాధికి కూడా గడువుంటుంది. ఈ ఊళ్ళో అయితే ఇరవయ్యేళ్ళు. అన్నేళ్ళూ మనవాళ్ళే వచ్చి దాన్ని శుభ్రంగా చూసుకోవాలి. చూడకపోతే రాతికి ఒక కాగితం అంటిస్తారు. అప్పటికీ ఎవరూ రాకపోతే రాయి తీసేసి, నేల చదును చేసి, గడ్డి విత్తనాలు చల్లేస్తారు.

అమ్మ పోయి ఏడేళ్ళయింది. ఇంకా పదమూడున్నాయి.

ఇంకో ఇరవై రోజులు దాటితే సంతోషకుమారి ఈ ఊళ్ళో ఉండదు. ఎడారికి వెళ్ళిపోతోంది — మొగుడు రూఫస్‌తో, కూతురు సహానాతో, నాలుగు సూట్‌కేసులతో.

ఆ ఎడారికి వాళ్ళని పంపుతున్నది తనే.

ఆ సంగతి రూఫస్‌కి తెలియదు. అమ్మకి ఒక్కదానికే చెప్పింది. ఇక్కడ, ఈ తడి మట్టిలో కూర్చుని, చాలాసార్లు చెప్పింది.

ఆ ఎడారి నగరంలో బతకడానికి, వ్యాపారం చేయడానికి కారణాలు బోలెడున్నాయి. రూఫస్‌కి అన్నీ నోటికి వచ్చు. అక్కడే ఉంటున్న స్నేహితుడు జోనా ఫోన్లో రోజుకొకటి పంపిస్తాడు.

ఏడాదంతా ఎండ. ఇదొక కారణం.

ఆదాయపు పన్ను లేదు. ఇదొక కారణం.

“మూడ్రోజుల్లో కంపెనీ రిజిస్టర్ చేసి చేతిలో పెడతారంట సంతోషా. ముందుగా టెర్మిన్ తీసుకుని మన టైము కోసం ఆగడం అనే మాటే లేదంట. ఇక్కడ జుట్టు కత్తిరించుకోవాలన్నా టెర్మినే కదా.”

ఇదీ కారణమే. చుట్టూ మనవాళ్ళే ఉంటారు. తెలుగు సంఘాలు నాలుగున్నాయట. విమానమెక్కితే ఓ కునుకు తీసి లేచేసరికి హైదరాబాదు. జోనా, రూఫస్ కలిసి దుకాణాలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతారు. మొదటి ఏడాది ఇద్దరే. తర్వాత పదిమంది. ఆ తర్వాత... ఆ తర్వాతది చెప్పేటప్పుడు రూఫస్ గొంతు మారిపోతుంది. పెళ్ళినాటి కుర్రాడైపోతాడు.

కారణాలన్నీ నిజమే. ఒక్కటి కూడా అబద్ధం కాదు. అదే ఆమె బాధ.

అమ్మ కూడా ఒకప్పుడు ఆ నగరంలోనే ఉండేది. పదకొండేళ్ళు. ఒకే ఇంట్లో పనిమనిషిగా, ఒకే వంటగదిలో. రాజోలు దగ్గర లంకలో పుట్టిన మనిషి, కాలవ నీళ్ళలో పెరిగిన మనిషి, పదకొండేళ్ళు ఆ వంటగదిలో నిలబడింది. ఆమెకి ఉన్నది ఒక్కటే కారణం. కూతురి చదువు.

సహానా పుట్టినప్పుడు అమ్మ జర్మనీ వచ్చింది, మూడు నెలల వీసా మీద. ఒకరోజు రూఫస్ సరదాగా ఫోన్లో ఆ నగరం ఫోటోలు చూపించాడు. ఆకాశానికి ఎక్కిన మేడలు, నీళ్ళ ఫౌంటెన్లు, వెడల్పాటి రోడ్లు. అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

“ఇదా? నేనున్న ఊరేనా బాబూ ఇది?”

“అదే అత్తయ్యా.”

“ఇంత పెద్దదా,” అంది అమ్మ.

ఫోన్ వెనక్కి ఇచ్చేసి పాప గుడ్డలు మడతపెట్టుకుంది. పదకొండేళ్ళు ఉన్న ఊరిని ఆమె చూడటం అదే మొదటిసారి.

ఆమెకి నచ్చింది ఇక్కడి వాన. వచ్చిన మర్నాడే కిటికీ దగ్గర నిలబడి అడిగింది.

“ఈ వాన రోజూ పడుద్దా అమ్మాయ్?”

“ఇంచుమించు రోజూనమ్మా.”

“అదృష్టవంతులు,” అంది.

జర్మనీ వానని అదృష్టం అన్న మనిషిని సంతోషకుమారి మళ్ళీ ఎక్కడా చూడలేదు. పోతే నన్ను వాన పడే చోటే పెట్టండే, అని కూడా అంది అమ్మ, నవ్వుతూ. రెండో నెలలో గుండె ఆగిపోయింది. అన్నట్టే పెట్టారు.

ఈ ఏడాది జనవరి ఒకటి.

హైడెల్‌బర్గ్‌లో జర్మన్ల చర్చి హాలు తెలుగు సంఘానికి మధ్యాహ్నం పూట ఇస్తారు. కొత్త సంవత్సరం ఆరాధన కూడా మధ్యాహ్నమే. ఆరాధన అయ్యాక వాగ్దానాల బుట్ట తిరుగుతుంది. చిన్న చిన్న కవర్లు. ఒక్కో కవర్లో ఒక్కో కార్డు, కార్డు మీద ఒక వాక్యం. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదంతా దేవుడు ఆ మనిషికిచ్చిన మాట అది. ఫ్రిజ్ మీద అతికించుకుంటారు. పర్సులో పెట్టుకుంటారు. ఇల్లు కొనాలన్నా, ఉద్యోగం మారాలన్నా, ముందు కార్డు వైపు చూస్తారు.

రూఫస్ కళ్ళు గట్టిగా మూసుకుని ఒకటి తీశాడు. అప్పటికి ఉద్యోగం పోయి మూడు నెలలు. తొమ్మిదేళ్ళు పనిచేసిన చిన్న కంపెనీ అక్టోబరులో ఎంతో మర్యాదగా ఒక ఉత్తరం ఇచ్చి పంపేసింది. ఆ రోజు నుంచి అతను కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటున్నాడు. పొద్దున్న గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలో కూర్చుంటాడు. సాయంత్రం లేస్తాడు. ఆమె వృద్ధాశ్రమంలో డ్యూటీ చేసి వచ్చేసరికి అదే కుర్చీ, అదే చొక్కా.

కారులో తిరిగి వస్తున్నారు. రూఫస్ తన కవరు ఆమె ఒళ్ళో పెట్టాడు.

“నువ్వు చదువు. నాకు ధైర్యం చాలట్లేదు.”

విప్పింది.

కనిపెట్టుకుని ఉండమని, అంటే ఎదురుచూడమని, ఉంది. ఓపికతో, ఇంకా, కనిపెట్టుకుని ఉండమని.

మూడు నెలలుగా కుర్చీలో కనిపెట్టుకుని ఉన్న మనిషికి... ఇంకా కనిపెట్టమని. దేవుడి మీద కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. తన కవరు విప్పింది. అందులో ఎడారి ఉంది, ఎడారిలో కొత్త దారి ఉంది, పారే నీళ్ళున్నాయి. నీళ్ళు అన్న మాట ఒక్కటే ఆమె కంటికి ఆనింది. ఇది చదివితే పాపం కొంచెం తేరుకుంటాడు అనుకుంది. అంతే అనుకుంది.

తన కార్డు అతని కార్డుగా చదివేసింది.

రూఫస్ కారు పక్కకి తీశాడు. తడిసిన పొలాల పక్కన, అద్దం మీద వాన కొడుతుంటే, స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చాడు. వెనక సీట్లో సహానా బొమ్మలు వేసుకోవడం ఆపేసింది.

“నీకు చెప్పలేదు సంతోషా. జోనా వారం నుంచి రమ్మంటున్నాడు. అక్కడ కంపెనీ పెడదామంటున్నాడు. అత్తయ్య సంగతి తలుచుకుని నీకు చెప్పలేకపోయా. ప్రభువా, ఎడారికి వెళ్ళమంటావా వద్దా, నువ్వే చెప్పు, అని అడుగుతున్నా. చెప్పేశాడు చూడు. ఆ మాటే... ఎడారి అనే చెప్పాడు.”

అప్పుడే చెప్పాల్సింది. రెండు కార్డులూ ఇంకా ఒళ్ళోనే ఉన్నాయి. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ అతను తలెత్తి చూశాడు. అక్టోబరు తర్వాత ఆ మొహంలో వెలుగు అదే మొదలు.

“నీకేం వచ్చింది?”

“కనిపెట్టుకుని ఉండమని,” అంది.

“నువ్వెప్పుడూ కనిపెట్టేదానివేగా,” అని నవ్వాడు.

ఆ నవ్వుకి ఆమె లోబడిపోయింది.

ఆ తర్వాత అన్నీ దొర్లుకుంటూ వచ్చేశాయి. తర్వాతి ఆదివారం రూఫస్ లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. హాలంతా ఆమెన్ అంది. పాస్టరుగారు తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. అందరూ ఆమె చెయ్యి పట్టుకుని, “నువ్వు ధన్యురాలివమ్మా,” అన్నారు. ఆమె తల ఊపింది. ఇల్లు ఖాళీ చేస్తామని ఇంటాయనకి ఉత్తరం వెళ్ళింది. మీటే, అంటే ఇంటద్దె, ఏప్రిల్ వరకే. ఆమె ఉద్యోగం మార్చితో సరి. ఊరి ఆఫీసులో పేర్లు తీయించుకోవడానికి మొత్తానికి టెర్మిన్ కూడా దొరికింది.

ఒక్కసారి మాత్రం అడ్డుపడింది. అమ్మ పేరు ఎత్తింది.

“అత్తయ్య రోజులు వేరు. మనం ఒకరి వంటింట్లోకి వెళ్ళట్లేదు. మనమే ఓనర్లం.”

“సమాధో?”

రూఫస్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. మెత్తగా చెప్పాడు. “అత్తయ్య అక్కడ లేదు సంతోషా. ప్రభువు దగ్గర ఉంది. నీకు తెలుసు కదా.”

తెలుసు. ఆమెకీ ఆ నమ్మకం ఉంది. ప్రతి ఆదివారం పాడుతుంది కూడా. అయినా శనివారం రాగానే కాళ్ళు ఇటే నడుస్తాయి.

ఈ శనివారం మొక్కలు పీకడం అయ్యాక చేతులు కడుక్కుంది. నిన్న సమాధుల తోట ఆఫీసులో ఇచ్చిన కాగితం కోటు జేబులో ఉంది. మీరు వెళ్ళాక దీన్ని ఎవరు చూసుకుంటారో ఇక్కడ పేరు రాయండి, అంది అక్కడి ఆవిడ. మర్యాదగానే అడిగింది. ఖాళీ గీత దగ్గర వేలు పెట్టి చూపించింది.

ఎవరి పేరు రాయాలి?

సంఘంలో అందరూ నేడో రేపో ఊరు మారేవాళ్ళే. చదువుకునే పిల్లలు, కాంట్రాక్టు ఉద్యోగులు. పదమూడేళ్ళు ఇక్కడే ఉంటానని రాసివ్వగలిగే తెలుగు మనిషి ఒక్కరు కూడా గుర్తుకు రాలేదు.

చెప్పేద్దాం అనుకుంది. ఈ రోజే. కార్డు అబద్ధమని తెలిస్తే పిలుపూ అబద్ధమే కదా. టికెట్లు పోతే పోతాయి. తిడితే తిట్టనీ.

వానలో నడుచుకుంటూ ఇంటికి వచ్చింది.

ఇంట్లో చలికోట్లన్నీ నేల మీద కుప్పగా ఉన్నాయి. రూఫస్ వాటిని సంచుల్లో కుక్కుతున్నాడు, ఎవరికైనా ఇచ్చేయడానికి. చలికోట్లు అక్కర్లేకపోవడం కూడా ఒక కారణమే. సహానా తన ఎర్ర రెయిన్‌కోటు పట్టుకుని నిలబడి, అక్కడ వాన పడుతుందా అని తండ్రిని జర్మన్‌లో అడుగుతోంది.

“లేదు నాన్నా. ఎప్పుడూ ఎండే.”

“షాడే,” అంది సహానా, అయ్యో పాపం అన్నట్టు. రెయిన్‌కోటు మడిచి, ఎవరూ చూడకుండా తన సంచిలో పెట్టుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

సంతోషకుమారి బైబిల్లోంచి ఒక కార్డు తీసింది. ఫ్రిజ్ మీదిది రెండోది. రెండూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఏవండీ. కూర్చోండి.”

అంతా చెప్పింది. కారు, కవర్లు, తను ముందు ఏది విప్పిందో, ఎందుకు మార్చిందో. మూడు నెలలుగా అమ్మకి చెప్పి చెప్పి ఆ మాటలు అరిగిపోయి ఉన్నాయి.

రూఫస్ రెండు కార్డులూ తీసుకుని చదివాడు.

“అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“మీరు ఏడ్చారు కదండీ.”

తల ఊపాడు. రెండు కార్డులూ మళ్ళీ చదివాడు, కొత్తవి చదివినట్టు. అరుస్తాడని చూసింది. జోనాకి ఫోన్ చేస్తాడని చూసింది.

రూఫస్ ఎడారి కార్డుని నెమ్మదిగా ఆమె వైపు జరిపాడు. రెండోదాన్ని తన వైపు లాక్కున్నాడు.

“అయితే పిలుపు నాది కాదు,” అన్నాడు. “నీది.”

అందులో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగా నమ్మే అన్నాడు. అందుకే ఆమెకి భయం వేసింది.

“నిన్ను బలవంతంగా లాక్కెళ్తున్నానేమో అని లోపల పీకుతానే ఉంది నాకు. దేవుడు నీకిచ్చిన మాటంట కదా ఇది. మధ్యలో నేనెవర్ని? నువ్వు పదమంటే వెళ్దాం. వద్దంటే ఇప్పుడే జోనాకి చెప్పేస్తా. నీ మీద ఒట్టు, ఒక్క మాట అనను. నువ్వే చెప్పు సంతోషా.”

నువ్వే చెప్పు.

పోట్లాటకి సిద్ధపడి వచ్చింది. ఏడుపుకి సిద్ధపడి వచ్చింది. దీనికి మాత్రం సిద్ధపడి రాలేదు.

వద్దు అంటే — ఆ కుర్చీ, ఆ ఇస్త్రీ చొక్కా, మళ్ళీ అక్టోబరు. సరే అంటే — రాతి మీద కాగితం, ఆ తర్వాత గడ్డి. రెండూ ఆమె నోటి నుంచే రావాలి. ఇక దాక్కోవడానికి ఎవరి వెనకా చోటు లేదు.

అమ్మని ఒకసారి అడిగింది, ఇక్కడే, ఈ బల్ల దగ్గరే. అసలు నిన్ను ఆ ఎడారికి ఎవరు పంపారమ్మా, నాన్నా, ఏజెంటా, అని. ఆ కసి ఆమెకి చిన్నప్పటి నుంచీ ఉంది. ఎవరో ఒకరి మీద పెట్టుకోవాలని ఉండేది.

“ఎవరూ పంపలేదే,” అంది అమ్మ. “అప్పట్లో ఆడోళ్ళకే వచ్చేయి వీసాలు. మీ నాన్న కాగితం తెచ్చి నా ముందర పెట్టాడు. నీ ఇష్టం కరుణా, నువ్వే చెప్పు అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను. ఆయన మొకం చూశాను.”

సంతోషకుమారి కార్డు వైపే చూస్తోంది. తలెత్తితే ఎదురుగా రూఫస్ మొహం ఉంటుంది.

తలెత్తడం లేదు.